తిన్నవాళ్ళ తీర్పులు

వంట బాగుందో లేదో చెప్పడమంత తేలికైన పని లోకంలో మరొకటి లేదు. చేసినవాళ్ళు చెమటలు కక్కుతూంటారు. తిన్నవాళ్ళు మూతి తుడుచుకుని "ఫరవాలేదు" అంటారు. ఆ ఒక్క మాట ఎంత బరువుంటుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రోజుకు మూడు పూటల చొప్పున ఏడాదికి 1095 పరీక్షలు రాసేవాళ్ళం కదూ! పైగా ఫలితాలు అప్పటికప్పుడే, కంచం ముందే.

అందుకే ఎవరైనా ఒక హోటలు గురించో, ఫలహారాల కొట్టు గురించో అభిప్రాయం చెబితే నాకు తీర్పు కన్నా తీర్పరి మీదే ధ్యాస పోతుంది. ఈ మనిషి ఏ వేళకు వెళ్ళాడు? ఎంత ఆకలి మీద ఉన్నాడు? పక్కన ఎవరున్నారు? డబ్బులెవరు కట్టారు? ఇవేవీ చెప్పకుండా "ముక్క చల్లగా ఉంది, రెండు స్టార్లు" అని ఫోనులో కొట్టి పారేస్తే అది విమర్శ ఎలా అవుతుందో మీరే చెప్పండి.

ఇప్పుడు నేను మాట్లాడబోయేది పిజ్జా కొట్టు గురించి. పిజ్జా అనగానే మీకు 1996లో మన దేశంలో అడుగుపెట్టిన అమెరికా కంపెనీలే గుర్తొస్తాయని తెలుసు. బండి మీద అట్టపెట్టెలో వచ్చేదీ, పైన పనీరు ముక్కలుండేదీ, పుట్టినరోజు నాడు పిల్లలు అదే కావాలని మంకుపట్టు పట్టేదీ. అది కాదు. అమెరికా తూర్పు తీరంలో, న్యూయార్కు, న్యూజెర్సీ ఊళ్ళలో వీధికొకటిగా ఉండే సొంతకొట్టు సంగతి నేను చెప్పేది. మీలో చాలామంది పురుళ్ళకనో, మనవల్ని చూసుకోవడానికనో ఆ దేశం వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చినవాళ్ళే. ఆ కొట్టు ముందునుంచి నడిచే ఉంటారు. ఒక పక్క బట్టలుతికే యంత్రాల దుకాణం, ఇంకో పక్క క్షవరాల షాపు, నడుమ ఇరుక్కుని ఎర్రక్షరాల బోర్డు. లోపల నాలుగయిదు బల్లలు. గాజు అద్దం వెనక పళ్ళేల్లో సగం కోసిన పెద్ద పెద్ద పిజ్జాలు. అద్దం మీద మూరెడు పొడుగు సీసాల్లో ఒరిగానో, వెల్లుల్లి పొడి, గింజలతో కచ్చాపచ్చాగా నలిపిన ఎండుమిరప. ఆ మూడో సీసా చూశాక మనకు కొంచెం ప్రాణం లేచొస్తుంది.

మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో అలాంటి కొట్టు ఒకటుంది. మూడు దఫాలుగా వెళ్ళినప్పుడల్లా అక్కడ కూర్చుని తిన్నాను, చూశాను, పక్కబల్లల మాటలు విన్నాను. (వినకూడదంటారు. బల్లకీ బల్లకీ మధ్య జానెడు దూరముంటే ఎలా వినకుండా ఉండడం?) ఆ విన్నవాటిలో ఎక్కువ భాగం ఫిర్యాదులే. వాటిలో ఏది న్యాయం, ఏది కాదు అన్నదే నా ఈ గోల.

అన్నిటికన్నా తరచు వినిపించే ఫిర్యాదు: "పొద్దున కాల్చిన దాన్ని మళ్ళీ వేడి చేసి ఇస్తున్నాడు." అవును, ఇస్తున్నాడు. అదే ఆ కొట్టు పద్ధతి! ఒక్క ముక్క అడిగితే అద్దం వెనకున్న దాంట్లోంచి ఒకటి తీసి మళ్ళీ రెండు మూడు నిమిషాలు పొయ్యిలో తోస్తాడు. రెండో కాలుడులో అడుగు కరకరలాడుతుంది, పైన చీజు కరుగుతుంది. బంగాళాదుంప వేపుడు చివర్లో మూత తీసి ఇంకాస్త వేయిస్తేనే కదా మనకు రుచి! న్యూయార్కులో మొదటి పిజ్జా కొట్లు బొగ్గు పొయ్యిలవి. 1905లో లొంబార్డి గారిదే మొట్టమొదటిదని ఒక లెక్క, కాదని ఇంకో వాదం. ఆ కొట్లలో కొనాలంటే మామూలుగా మొత్తం పిజ్జా కొనాల్సిందే. రెండో ప్రపంచయుద్ధం తరువాత గ్యాసుతో కాలే అరల పొయ్యిలు వచ్చాక, ఒక్క ముక్క కొనుక్కుని నిలబడి తినేసి పోయే కొట్లు వీధివీధినా పుట్టుకొచ్చాయి. ఒక ముక్క ధరా, నగరంలో భూగర్భ రైలు టిక్కెట్టు ధరా 1960ల నుంచీ దాదాపు సమంగా నడుస్తున్నాయని 1980లో న్యూయార్కు పత్రికలో ఒకాయన ఎత్తిచూపాడు. అంటే అది విందుభోజనం కాదు. పనికి పోయేవాడి టిక్కెట్టు లాంటిది. దాన్ని పెళ్ళివిందుతో పోల్చి మార్కులు తగ్గించడం ధర్మం కాదు.

రెండో ఫిర్యాదు: "మాడింది." పుల్కా మీద నల్లమచ్చలు లేకపోతే పచ్చిగా ఉందంటాం, పిజ్జా అంచు మీద ఉంటే మాడిందంటాం! ఇటలీలోని నేపుల్సు పద్ధతిలో అయితే మహా మంట మీద నిమిషం నుంచి నిమిషంన్నర లోపల కాల్చి తీసేస్తారు. అంచు మీద మచ్చలు పడి తీరాలి. ఆ కాల్చే విద్యను 2017లో యునెస్కో వారు మానవజాతి వారసత్వ సంపదల్లో చేర్చారు కూడా. న్యూయార్కు తరహా పొయ్యి అంత వేడి కాదు, ఇంకాస్త ఎక్కువసేపు కాలాలి. కాని మచ్చ మచ్చే. నిజంగా మాడితే అడుగు తిప్పి చూడండి, తెలుస్తుంది. దోసె బాగా వచ్చిందో లేదో అడుగే చెబుతుంది. పిండి సంగతీ అంతే. ముందు రోజు కలిపి, చల్లటి పెట్టెలో రాత్రంతా నిదానంగా పొంగనిచ్చిన పిండికి వచ్చే పులుపు వేరు, పొద్దున కలిపి మధ్యాహ్నం సాగదీసిన పిండి చప్పదనం వేరు. మన దోసెపిండికి ఈ తేడా తెలిసినవాళ్ళకు పిజ్జా సంగతి ఇటలీవాళ్ళు వచ్చి చెప్పక్కర్లేదు.

మూడోది న్యాయమైన ఫిర్యాదు. శాకాహారుల బాధ. పెపరోనీ అంటే పంది, గొడ్డు మాంసాలు కలిపి చేసేది. పిజ్జాని కోసే చక్రపు కత్తి ఒకటే. పెపరోనీ కోసిన చేత్తోనే మన చీజు పిజ్జా మీదుగా కూడా ఆ చక్రం నడుస్తుంది. పైగా పై నుంచి చల్లే పార్మెజాన్ చీజు అసలు రకమైతే దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేసింది. ఈ ముక్క చాలామందికి తెలీదు. తెలిశాక చల్లుకోవడం మానేసినవాళ్ళనూ చూశాను, "ఇన్నాళ్ళూ తిన్నాంగా" అని ఊరుకున్నవాళ్ళనూ చూశాను. ఇద్దరితోనూ నాకు పేచీ లేదు.

వేరే ఊళ్ళో ఒకచోట, "మాంసం వద్దన్నాం కదా" అంటే కౌంటరు దగ్గరి కుర్రాడు పెపరోనీ బిళ్ళలు చేత్తో ఏరేసి, "ఇప్పుడు శాకాహారమే" అని నవ్వుతూ పెట్టె మూసి ఇచ్చాడు. నేను దానికి స్టార్లు ఇవ్వలేదు కానీ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మా వీధి కొట్టులో మాత్రం అమ్మాయి ఒకసారి మొహమాటపడుతూ అడిగింది, కత్తి కడిగి కోస్తారా అని. కౌంటరు దగ్గరున్నావిడ, యజమాని భార్యే, ఏమీ అడగకుండా లోపలికెళ్ళి కొత్త కత్తి తెచ్చింది. తరువాత వెళ్ళినప్పుడు చెప్పకుండానే అదే తెచ్చింది. నా లెక్కలో ఆ కొట్టు ఆ రోజే గెలిచింది. సాసులో పంచదార కాస్త ఎక్కువైనా సరే.

మీరు గమనించారో లేదో, ఇది రుచికి సంబంధించిన మార్కు కాదు. పేటలో కొట్టు పెట్టుకున్నవాళ్ళు పేటకు ఏమవుతారన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేసిన మంచి విమర్శకులు ఉన్నారు. అందులో నాకు బాగా నచ్చినావిడ నేపుల్సు రచయిత్రి మతిల్దె సెరావో. పత్రికా రచయిత్రి, 1892లో భర్తతో కలిసి స్థాపించిన 'ఇల్ మత్తీనో' దినపత్రిక నేటికీ వస్తోంది. 1884లో నేపుల్సులో కలరా చెలరేగినప్పుడు బీదపేటల్లో జనం ఎలా బతుకుతున్నారో వరసగా వ్యాసాలు రాసింది. వాటిలో పిజ్జా ఉంది. రుచి ఎలా ఉందని ఆవిడ మొదలుపెట్టలేదు. ఎవరు తింటారు, ఎంతకు తింటారు అని మొదలుపెట్టింది. వీధి మలుపులో ముక్కలు పెట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూపించింది. ఆ ముక్కలు చలికి గడ్డకట్టేవి, ఎండకు పసుపెక్కేవి, ఈగలు వాలేవి. బడికి పోయే పిల్లల కోసం మరీ చవకగా చిన్న ముక్కలుండేవని కూడా రాసింది. ఈగల్ని దాచలేదు, పిల్లల్నీ మరిచిపోలేదు.

దీని పక్కన పినోకియో కథ రాసిన కొల్లోడి గారిని పెట్టి చూడండి. ఆయన ఫ్లోరెన్సు మనిషి. 1886లో పిల్లలకు రాసిన యాత్రా పుస్తకంలో పిజ్జా మొహం చూస్తేనే అమ్మేవాడి మురికి గుర్తొస్తుందన్న ధోరణిలో తేల్చేశాడు. కళ్ళు ఇద్దరికీ ఉన్నాయి, ఈగల్ని ఇద్దరూ చూశారు. ఒకరిది పేట మనిషి మాట, రెండోది దారినపోయే పెద్దమనిషి మాట. ఈనాటి రెండు స్టార్ల వాళ్ళందరూ కొల్లోడి గారి మనవలేమో అనిపిస్తుంది నాకు.

సెరావో ఇంకో మాట కూడా చెప్పింది. నేపుల్సు వ్యాపారి ఒకడు రోము నగరంలో పిజ్జా కొట్టు తెరిచాడట. మొదట్లో జనం ఎగబడ్డారు. పోను పోను పలచబడ్డారు. చివరికి కొట్టు ఎత్తేశాడు. తన పేటలోంచి పెకలించి తెస్తే ఆ తిండి బతకలేదన్నది ఆవిడ భావం. ఈనాడు పిజ్జా లేని దేశం లేదు కనుక ఆవిడ జోస్యం తప్పిందనవచ్చు. నేను అలా అనను. బతికిన చోటల్లా ఆ కొట్టు కొత్త పేటని వెతుక్కుని దానికి ఇంటిదయింది, అందుకే బతికింది.

అలా ఇంటిదవడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. స్పైక్ లీ 1989లో తీసిన 'డూ ది రైట్ థింగ్' సినిమా చూశారా? మీ పిల్లలు చూసే ఉంటారు, అడగండి. న్యూయార్కు బ్రూక్లిన్‌లో నల్లవాళ్ళ పేట. అందులో ఒక ఇటలీ సంతతివాడి పిజ్జా కొట్టు. పాతికేళ్ళుగా ఆ పేట పిల్లలు అతని తిండి తిని పెరిగారు. తగువు ఎక్కడ మొదలవుతుందనుకున్నారు? చీజు దగ్గర! నా ముక్క మీద చీజు తక్కువుందంటాడొకడు. ఎక్కువ కావాలంటే రెండు డాలర్లంటాడు యజమాని. రుసరుసలాడుతూ కూర్చున్నవాడి కళ్ళు గోడ మీద పడతాయి. గోడ నిండా ఇటలీ అమెరికన్ల పటాలే. డబ్బులు మావి, పటాలు మీవాళ్ళవా అంటాడు. నా కొట్టు, నా గోడ అంటాడు యజమాని. చివరికి పోలీసుల చేతుల్లో ఒక నల్లజాతి యువకుడి ప్రాణం పోతుంది, కొట్టు తగలబడుతుంది. వాడి కోపాన్ని మోయడానికి చీజు చాలా చిన్న పాత్ర. కొన్ని ఫిర్యాదులు అంతే. "ఉప్పు తక్కువైంది" అన్న మాట వెనక ఉప్పు ఒక్కటే ఉండదని కాపురం చేసిన ప్రతి ఆడదానికీ తెలుసు.

ఈ సినిమా చూసినప్పటినుంచీ ఏ పిజ్జా కొట్టుకెళ్ళినా నేను ముందు గోడ చూస్తాను. మా వీధి కొట్టు గోడ మీద నేపుల్సు సముద్రం బొమ్మ ఒకటుంది, అందరి కొట్లలోనూ ఉండేదే. దాని పక్కన ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ జట్ల ఫోటోలు, ఏడాదికొకటి. ఈ కొట్టు వాళ్ళే చొక్కాలకు డబ్బిస్తారట. పాత ఫోటోల్లో అంతా ఇటలీ, ఐరిష్ మొహాలు. రాను రాను కొరియా పిల్లలు, గుజరాతీ పిల్లలు. ఈమధ్య ఫోటోలో ముందువరసలో మోకాలి మీద కూర్చున్న ఒక బుడుగు, ముందుపన్ను ఊడిపోయి, అచ్చం మన గోదావరి జిల్లా మొహం! వాడి నాన్నమ్మ ఎవరో గాని ఆ ఫోటో ముందు నిలబడి ఫోటో తీయించుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక ఆలస్యం గురించి. "శుక్రవారం సాయంత్రం నలభై నిమిషాలు కూర్చోబెట్టారు" అన్నది తరచు వినే ఫిర్యాదే. శుక్రవారం ఆ ఊరంతా వంట మానేస్తుంది మరి! ముప్ఫై నిమిషాల్లో తెచ్చిస్తాం లేకపోతే డబ్బొద్దు అన్న మోజు అమెరికాలో డొమినోస్ కంపెనీ నేర్పింది. కుర్రాళ్ళు బళ్ళు తోలుతూ ప్రమాదాలు చేశారని కేసులు పడ్డాయి. 1993లో ఒక మహిళకు పెద్దమొత్తం నష్టపరిహారం కట్టమని కోర్టులో తీర్పు వచ్చాక అక్కడ ఆ హామీ ఎత్తేశారు. కూర్చోబెట్టడం తప్పే, కాదనను. కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా అడక్కపోతే ఇంకా తప్పు. కాని పొయ్యి ఒకటే ఉన్న కొట్టుకు గడియారం చూపించి మార్కులు కోసే ముందు, ఇంటికి చెప్పాపెట్టకుండా ఆరుగురు చుట్టాలు దిగిన సాయంత్రం మనమెన్ని నిమిషాల్లో వడ్డించామో తలుచుకుంటే బాగుంటుంది.

ఈ మార్కులు వట్టి సరదా కావు మరి. హార్వర్డులో మైకేల్ లూకా అనే ఆయన సియాటిల్ హోటళ్ళ రాబడి లెక్కలు తీసి 2011లో ఒక పరిశోధన వెలువరించారు. యెల్ప్‌లో జనం ఇచ్చే స్టార్లలో ఒకటి పెరిగితే రాబడి నూటికి 5 నుంచి 9 దాకా పెరుగుతోందని తేలింది. అయితే ఇది సొంతకొట్ల మాట. ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీలకు ఆ స్టార్లతో పెద్దగా పని లేదట. అంటే మన చేతిలోని రాయి ఏనుగుకి తగిలినా దానికి తెలీదు. పిచిక్కి మాత్రం తగులుతుంది. అందుకని పిచిక మీద అసలు విమర్శే వద్దనను. అన్నం పెట్టేవాడు చులకనగా చూస్తే, లెక్క తప్పువేస్తే, చల్లారిన ముక్కను వేడిచేయమన్నా వినకపోతే రాయాల్సిందే, ఘాటుగానే రాయాల్సిందే. రాసేటప్పుడు ఏ రోజు, ఏ వేళ, ఏం అడిగాం, ఏమిచ్చారు అన్నవి కూడా రాస్తే చదివినవాళ్ళకూ ఉపయోగం, కొట్టువాడికీ దిద్దుకునే వీలు. "వేస్ట్" అన్న ఒక్క ముక్క వల్ల ఎవరికేం లాభం?

అన్నట్టు, అట్టపెట్టెలో పిజ్జా మధ్యన మూడుకాళ్ళ తెల్లటి ప్లాస్టిక్ పీట ఒకటుంటుంది, పెట్టె మూత కుంగి చీజుకి అంటుకోకుండా. పిల్లలు దాన్ని బొమ్మలకు బల్లగా వాడుకుంటారు. దానికి 1985లో పేటెంటు పొందింది న్యూయార్కు రాష్ట్రంలోని డిక్స్ హిల్స్‌కు చెందిన కార్మెలా విటాలే అనే మహిళ. మూతకంటుకున్న చీజు చూసి "ఛీ, బాగాలేదు" అనడానికి కోటిమంది ఉన్నారు. పీట వేసినావిడ ఒక్కతే.

ఇంతా చెప్పి అసలు నాకు నచ్చిందేమిటో చెప్పలేదు. పద్దెనిమిది అంగుళాల పిజ్జా వచ్చి బల్ల మధ్యన కూర్చుంటుంది. ఎనిమిది ముక్కలు. అందరూ ఒకేసారి చెయ్యి చాపాలి. వడ్డించడానికి గరిటె లేదు, నిలబడ్డానికి చోటు లేదు. మొదటిసారి నేను అలవాటు ప్రకారం అందరికీ పంచబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నువ్వు కూర్చో. ముందు నువ్వు తీసుకో, ఆరిపోతుంది" అంది. తీసుకున్నాను. చిన్న మనవడు మడవడం నేర్పాడు. నిలువుగా మడిచి, కొన కిందికి వంచి, మోచేతికి నూనె కారకుండా. వేడివేడిగా, అందరితో పాటు, మొదటి ముద్ద నేను తిని ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయి మానేశాను. ఏ స్టార్లలోనూ ఈ ఖాతా లేదు. తల్లి కూర్చుని తిన్నదా, వేడిగా తిన్నదా అని రాసిన అభిప్రాయం నేనింతవరకూ ఒక్కటీ చదవలేదు.

సరే, మీరెవరైనా ఆ వైపు వెళ్తే పనికొస్తుందని ఆ కొట్టు మీద నా నివేదిక: మంగళవారాలు వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది, శుక్రవారం వద్దు. మామూలు చీజు ముక్కే మేలు, అడుగు బాగా కాలుతుంది. సాసులో తీపి ఉంది, ఎండుమిరప సీసా మొహమాటం లేకుండా వంచండి. వెల్లుల్లి ముడులని పిండిని ముడివేసి వెన్నలో తడిపి ఇస్తారు, వేడిగా ఉంటే అమృతం, అయిదు నిమిషాలాగితే రాయి. వైట్ పిజ్జా అని టమాటా లేకుండా ఒకటి చేస్తారు, అందులో ఉప్పు తక్కువ. కౌంటరు దగ్గరున్నావిడకి ఆ మాట చెప్పాను. "మా అత్తగారూ అదే అనేది" అని చెప్పి, రిజిస్టరు పక్కన ఉప్పుసీసా తీసి నా చేతికిచ్చింది.